వణికే చేయి, ఆగిపోయే అడుగు

పెద్దవారి చేయి వణకడం మొదలైనప్పుడు మన ఇళ్ళలో సాధారణంగా రెండు మాటలు వినవస్తాయి. వయసు మీద పడిందని ఒకరంటారు. ఏదో అసర్ ఉందని మరొకరంటారు. మొదటి మాట అన్నవారు వైద్యుని వద్దకు తీసుకుపోరు. రెండవ మాట అన్నవారు ఆమిల్ వద్దకు తీసుకుపోతారు. ఈ రెండింటి నడుమ రోగి మాత్రం నెలనెలకూ బిగుసుకుపోతూ ఉంటాడు. యాకుత్‌పురాలో పాతికేళ్ళకు పైగా మద్రసా పిల్లలకు అరబీ వ్యాకరణం, ఫిఖ్హ్ బోధిస్తున్న నాకు ఈ రెండు మాటలూ చిరపరిచితాలు. అయితే ఈ వణుకు వెనుక మెదడులో ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడానికి ఏళ్ళ తరబడి శ్రమిస్తున్న తెలుగు శాస్త్రవేత్త ఒకరు ఉన్నారని తెలిసింది మాత్రం ఇటీవలనే. ఆయన పేరు వి. శ్రీనివాస చక్రవర్తి. మద్రాసు ఐఐటీలో ఆచార్యులు. ఆయన పరిశోధనను గురించి మన పాఠకులకు చెప్పాలనిపించడానికి మా మద్రసాలోని ఒక పెద్దాయన కారణం.

ఆ పెద్దాయన మా వద్ద ఖుష్‌ఖత్, అంటే అందమైన అరబీ, ఉర్దూ చేతిరాత నేర్పుతారు. తన పేరు పత్రికకెక్కడం ఆయనకు ఇష్టం ఉండదు గనుక ఉస్తాద్ సాబ్ అనే రాస్తాను. వయసు అరవై దాటింది. మూడు నాలుగేళ్ళ క్రితం ఆయన కుడిచేతి బొటనవేలు చూపుడువేలిపై దొర్లుతూ ఉండటం మేము గమనించాము. చేతిలో తస్బీహ్ లేకపోయినా పూసలు తిప్పుతున్నట్టే కనిపించేది. “హజ్రత్ ఎప్పుడూ జిక్ర్‌లోనే ఉంటారు” అని ముసల్లీలు గౌరవంతో చెప్పుకొనేవారు. వింత ఏమిటంటే, తక్బీర్ కోసం చేతులు ఎత్తినప్పుడు ఆ వణుకు ఆగిపోయేది. చేతులు కట్టుకొని నిలుచున్న కొద్దిసేపటికి మళ్ళీ మొదలయ్యేది.

తరువాత చేతిరాత మారింది. ఖుష్‌ఖత్‌లో అలిఫ్ పొడవును కలం మొనతో పెట్టిన నుక్తాలతో కొలుస్తారు. ఇన్ని నుక్తాలకు ఇంత అలిఫ్ అని లెక్క. ఉస్తాద్ సాబ్ ఆ లెక్క తప్పి ఎన్నడూ రాసినవారు కారు. అటువంటి ఆయన రాసిన వరుస కుడివైపున నిండుగా మొదలై, ఎడమవైపునకు పోయేకొద్దీ చిన్నదై, చివరి అక్షరాలు చీమల బారులా తయారయ్యేవి. చేయి మాత్రం రాసేటప్పుడు వణికేది కాదు. ఈ తేడాను మొదట పట్టుకున్నది పెద్దవాళ్ళము కాదు, పదకొండేళ్ళ విద్యార్థి ఒకడు. “హజ్రత్, నల్లబల్ల అయిపోకముందే అక్షరాలు ఎందుకు ఇరుకవుతున్నాయి?” అని అడిగాడు. ఉస్తాద్ సాబ్ సమాధానం చెప్పలేదు.

యాకూత్ అంటే కెంపు. బాగ్దాద్‌లో అబ్బాసీల చివరి రోజులలో యాకూత్ అల్ ముస్తాసిమీ అనే గొప్ప లేఖకుడు ఉండేవాడు. 1258లో మంగోలులు నగరాన్ని తగలబెడుతున్నప్పుడు ఆయన ఒక మినార్‌లో కూర్చుని, కాగితం దొరకక గుడ్డమీద అక్షరాలు దిద్దుకున్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఉస్తాద్ సాబ్ ప్రతి ఏడాది కొత్త పిల్లలకు మొదటిరోజు ఈ కథ చెబుతారు. ఆ సంవత్సరం చెప్పలేదు. నాకు ఆందోళన కలిగింది అప్పుడే.

ఇంట్లో మరికొన్ని సంగతులు జరుగుతూ ఉండేవి. అవి మాకు తరువాత తెలిశాయి. ఆరేడేళ్ళుగా ఆయన నిద్రలో గట్టిగా కేకలు వేసేవారట. ఎవరితోనో పోట్లాడుతున్నట్టు చేతులు, కాళ్ళు విసిరేవారట. అత్తరు వాసన తెలియడం మానేసిందట. ముఖంలో నవ్వు తగ్గిపోయి, ఎప్పుడూ అలిగినట్టు కనిపించేవారట. “నా మీద ఏమి కోపం వచ్చిందో తెలియక నేను రాత్రులు ఏడ్చేదాన్ని, మౌలానా” అని వారి బేగం సాహెబా పరదా వెనుక నుండి మా ఇంటివారితో చెప్పారు. నిద్రలో కేకలు, వాసన తెలియకపోవడం, ముఖం కదలిక తగ్గడం, ఇవన్నీ ఒకే వ్యాధి లక్షణాలని, కొన్ని వణుకు కంటే ఎన్నో ఏళ్ళ ముందే వస్తాయని ఆ ఇల్లాలికి ఎవరు చెప్పగలరు? చెప్పినవాడు ఒక ఆమిల్. అర్ధరాత్రి కేకలు వేసేది మీ ఆయన కాదు, ఆయనలో చేరినవాడు అన్నాడు. తావీజు కట్టాడు, డబ్బు తీసుకున్నాడు.

అసలు కష్టం మస్జిద్ తలుపు దగ్గర వచ్చింది. మా గల్లీలోని చిన్న మస్జిద్‌కు వజూఖానా వైపు నుండి ఒక ఇరుకు తలుపు ఉంది. ఉస్తాద్ సాబ్ ఆ తలుపు వరకు బాగానే నడిచివచ్చి, గడప ముందు హఠాత్తుగా ఆగిపోయేవారు. పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఉండేవి. వెనుక వారు నెట్టితే పడిపోయేవారు. ఒకసారి ఇఖామత్ పూర్తయినా ఆయన గడప దాటలేకపోయారు. ఆ సాయంత్రమే మాట పుట్టింది: “జిన్ను ఆయనను అల్లాహ్ ఇంట్లో అడుగు పెట్టనివ్వడం లేదు.” నలభై ఏళ్ళు జమాఅత్ తప్పని మనిషిని గురించి ఈ మాట! పాత నగరంలో మాటకు కాళ్ళు ఉండవు, రెక్కలే ఉంటాయి. వారి చిన్నమ్మాయికి అప్పటికే సంబంధం ఖాయమై ఉంది. వారం తిరగకముందే వరుని ఇంటి నుండి కబురు వచ్చింది: నికాహ్ తేదీ గురించి తరువాత మాట్లాడుకుందాము.

జిన్నుల ఉనికిని కాదనే ముస్లిం లేడు. అది మన విశ్వాసంలో భాగం. కానీ ఒక మనిషి పాదం ఆగితే దానికి జిన్ను కారణమని తీర్పు చెప్పే అధికారం మనకు ఎవరు ఇచ్చారు? అల్లాహ్ రోగాన్ని పంపినప్పుడు దానికి మందునూ పంపాడని, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించిన సంగతి ఖుత్బాలలో వింటూనే ఉంటాము. మన పూర్వీకులు ఆ బోధను తీవ్రంగా తీసుకున్నారు. ఇబ్నె సీనా తన వైద్య గ్రంథంలో రాషా, అంటే వణుకు, నరాలకు సంబంధించిన వ్యాధి అని విడిగా చర్చించాడు. యూనానీ హకీములు నేటికీ ఆ పేరే వాడుతున్నారు. వెయ్యేళ్ళ క్రితం ఇబ్నె సీనా వైద్య గ్రంథంలో చేర్చిన విషయాన్ని మనం నేడు తావీజుల దుకాణంలో చేర్చడం ఏమి వివేకమో నాకు అర్థం కాదు.

ఈ వ్యాధికి నేడు ఉన్న పేరు లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్‌ది. ఆయన 1817లో ఆరుగురు రోగులను వర్ణిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఆ ఆరుగురిలో కొందరిని ఆయన వీధిలో నడిచిపోతుండగా చూసినవారే. పక్కనుండి నడిచిపోయే మనిషిని శ్రద్ధగా చూడటం కూడా ఒక విద్య. వీధిలో నడిచేవారిని మా పేటలో కూడా చూస్తారు. చూసిన తరువాత వారేమి చేస్తారన్నదే తేడా.

వ్యాధి మూలం తెలిసిన వృత్తాంతంలో మనకు దగ్గరైన ఒక పేరు ఉంది. ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ స్థాపించిన తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పనిచేసేవారు. ఆయన 1931లో సర్పగంధి వేరు నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, హకీం సాబ్ పేరు మీద దానికి అజ్మలీన్ అని పేరు పెట్టారు. అదే వేరు నుండి 1952లో స్విట్జర్లాండ్‌లో రిసర్పీన్ అనే మరో పదార్థాన్ని వెలికితీశారు. అది రక్తపోటుకు మందయింది. కానీ దానిని ఎక్కువగా తీసుకున్నవారిలో కొందరు బిగుసుకుపోయి, పార్కిన్సన్ రోగుల వలె వణకసాగారు. స్వీడన్‌కు చెందిన ఆర్విద్ కార్ల్‌సన్ రిసర్పీన్‌ను కుందేళ్ళకు ఇచ్చి చూశాడు. అవి చెవులు వాల్చి, కదలక పడిపోయాయి. అప్పుడు ఎల్‌డోపా అనే పదార్థాన్ని ఎక్కించగా కొద్దిసేపట్లోనే లేచి తిరగసాగాయి. 1957 నాటి సంగతి ఇది. ఎల్‌డోపా మెదడులోకి చేరి డోపమిన్‌గా మారుతుంది. కదలికకు డోపమిన్ అవసరమని అలా తేలింది. ఈ కృషికి కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి లభించింది. తరువాత వియన్నాలో ఓలె హోర్నికీవిచ్ మరణించిన పార్కిన్సన్ రోగుల మెదళ్ళను పరీక్షించి, వాటిలో డోపమిన్ బాగా తగ్గిపోయిందని 1960లో చూపించాడు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ ఎల్‌డోపాను నోటి ద్వారా పెద్ద మోతాదులో ఇచ్చి, మంచం పట్టినవారిని నడిపించాడు.

ఎల్‌డోపా ఎక్కడి నుండి వస్తుంది? మన చేలగట్ల మీద పాకే దూలగొండి గింజలో అది సహజంగానే ఉంది. తాకితే దురద పుట్టించే ఆ తీగను ఎరగని పల్లెటూరివాడు ఉండడు. 1937లో మద్రాసులోనే దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు పరిశోధకులు దాని గింజల నుండి ఈ పదార్థాన్ని వేరుచేశారు. అప్పటికి అది వణుకుకు మందు కాగలదని ఎవరికీ తెలియదు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. గింజలో ఉంది కదా అని పొడి కొట్టి తాగించరాదు. ఏ గింజలో ఎంత ఉందో చెప్పలేము. మాత్రలు వాడుతున్నవారికి దానిని కూడా ఇస్తే మోతాదు మించిపోతుంది.

ఇక చక్రవర్తి గారి సంగతి. ఆయన వైద్యుడు కారు. ఇంజనీరుగా చదువు మొదలుపెట్టి, అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, మెదడు వైపు మళ్ళినవారు. మద్రాసు ఐఐటీలో ఆయన చేసే పని కణాలను కోయడం కాదు. మెదడులోని భాగాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో గణిత సమీకరణాలతో కంప్యూటర్‌లో నిర్మించి, ఆ నమూనాలో డోపమిన్ తగ్గిస్తే ఏమవుతుందో చూడటం. తెలుగులో శాస్త్ర విషయాలు రాయడం, మంచి గ్రంథాలను అనువదించడం కూడా ఆయనకు ఇష్టమైన పని. పలు భారతీయ భాషలకు ఉమ్మడిగా ‘భారతి’ అనే లిపిని రూపొందించినవారు కూడా ఆయనే. ఈ లిపి విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. ఖుష్‌ఖత్ మధ్య జీవించే మనిషికి ఏ భాష అక్షరాన్ని చూసినా దాని సొంత నడక మీదనే ప్రేమ. అది వేరే చర్చ.

మా పూర్వ విద్యార్థి ఒకడు హిఫ్జ్ పూర్తి చేసి, ఇప్పుడు బి.ఫార్మసీ చదువుతున్నాడు. ఉస్తాద్ సాబ్ సంగతి విని, చక్రవర్తి గారి బృందం పరిశోధనా వ్యాసాలు కొన్ని తెచ్చి, నాలుగు శుక్రవారాలు అస్ర్ తరువాత కూర్చుని నాకు విడమరచి చెప్పాడు. నాకు అర్థమైనంతలో చెబుతాను.

మెదడు లోతులలో బేసల్ గాంగ్లియా అనే కణసముదాయాలు ఉన్నాయి. ఏ కదలిక చేయాలో, ఏది ఆపాలో నిర్ణయించేది అవే. అక్కడికి డోపమిన్‌ను పంపే కణాలు మధ్య మెదడులో నల్లని మచ్చలా కనిపించే చోట ఉంటాయి. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని అంచనా. అందులో ఈ నల్లని చోట డోపమిన్ తయారుచేసేవి కొన్ని లక్షలు మాత్రమే. ఆ కొన్ని లక్షలలో సగానికి పైగా నశించే సరికి మనిషి చేయి వణుకుతుంది, అడుగు చిన్నదవుతుంది. 8,600 కోట్లలో కొన్ని లక్షలు ఎంత? నగరమంతటికీ నీరు వదిలే ఒక్క తాళపు చెవి వంటిది. సుబ్‌హానల్లాహ్ అనకుండా ఉండలేకపోయాను.

డోపమిన్ ఎక్కువైతే ‘చేయి’ అని, తక్కువైతే ‘ఆపు’ అని బేసల్ గాంగ్లియాలో రెండు దారులు ఉన్నాయని పాత సిద్ధాంతం. చక్రవర్తి గారు, ఆయన విద్యార్థులు ఈ రెండింటి నడుమ మూడవదానిని చూపారు: ‘వెదుకు’. చేయాలో మానాలో తేలనప్పుడు మెదడు కొత్త కదలికలను ప్రయత్నించి చూస్తుంది. ఈ వెదుకులాటకు మూలం ఆ రెండవ దారిలోని రెండు కణసముదాయాల మధ్య సాగే క్రమం లేని సందడి అని వారి వాదన. పార్కిన్సన్ వ్యాధిలో ఆ సందడి పోయి, కణాలన్నీ ఒకే తాళానికి కొట్టుకోవడం మొదలుపెడతాయి. బజారులో ప్రతివాడూ తన మాట తాను మాట్లాడుతుంటే వ్యాపారం సాగుతుంది; అందరూ ఒకే నినాదం అందుకుంటే అన్నీ ఆగిపోతాయి. ఈ పోలిక మా విద్యార్థిది. నాకు నచ్చింది.

ఉస్తాద్ సాబ్ అక్షరాలకు కూడా ఇందులోనే జవాబు దొరికింది. పార్కిన్సన్ రోగుల చేతిరాత ఎందుకు కుంచించుకుపోతుందో ఈ బృందం 2009 ప్రాంతంలో ఒక నమూనా ద్వారా పరిశీలించింది. ఆ రెండవ దారిలో కణాలు ఒకే తాళానికి చిక్కుకున్నట్టు నమూనాను మార్చగా, కంప్యూటర్ రాసిన గీతలు రోగుల చేతిరాత వలెనే మారాయట. ఈ మాట నేను చెప్పినప్పుడు ఉస్తాద్ సాబ్ చాలాసేపు తన వేళ్ళ వైపు చూసుకున్నారు. “అయితే నా చేయి విద్య మరచిపోలేదన్నమాట” అన్నారు.

ఆయనను, ఆయన ఇంటిని అపవాదుల పాలు చేసిన తలుపు సంగతి ఇంకా ఉంది. 2014లో ఇదే బృందం ప్రచురించిన ఒక వ్యాసం సరిగ్గా దాని గురించే: పార్కిన్సన్ రోగులు ఇరుకు తలుపుల ముందు ఎందుకు నెమ్మదిస్తారు, ఎందుకు ఆగిపోతారు. ఆ వ్యాసం రాసినవారిలో అహ్మద్ ముస్తఫా అనే పరిశోధకుడు కూడా ఉన్నాడు. ఆయనతో కలసి చక్రవర్తి గారు బేసల్ గాంగ్లియా మీద ఒక గ్రంథమే వెలువరించారు. ముందున్న ద్వారం కంటికి కనిపించగానే అందులో నుండి తగలకుండా పోగలనా అని మెదడు ఒక విలువ కడుతుంది. ఆ విలువలో కలిగే మార్పును డోపమిన్ సంకేతం మోసుకుపోతుంది. సంకేతం కుంచించుకుపోయిన మెదడులో ద్వారం ఇరుకైనకొద్దీ అడుగు చిన్నదవుతుంది. ఆరోగ్యవంతుడు గమనించకుండా దాటిపోయే గడప రోగికి అడ్డుగోడ అవుతుంది. బాజారులో విశాలమైన దారిలో నడవగలిగే మనిషి వజూఖానా తలుపు దగ్గర ఆగిపోవడానికి కారణం ఇది. ఆ తలుపు మస్జిద్‌ది కాకుండా హోటల్‌ది అయినా ఆయన ఆగిపోయేవారే. మరుసటి రోజు మా ఇంటి ఇరుకు తలుపు దగ్గర కూడా అలాగే ఆగారు. అది చూసిన నలుగురిలో ఇద్దరు జిన్ను మాట చెప్పినవారే.

ఆ కణాలు అసలు ఎందుకు నశిస్తాయన్నది ఇంకా పరిష్కారం కాని ప్రశ్న. చక్రవర్తి గారి బృందం 2019లో ఒక నమూనాను ప్రచురించింది. డోపమిన్ కణం ఒక్కొక్కటి లెక్కలేనన్ని కొమ్మలు చాచి సంకేతాలు పంపుతుంది గనుక దానికి శక్తి చాలా కావాలి. శక్తి చాలక కొన్ని కణాలు నశించగానే, వాటి అదుపులో ఉండే పొరుగు కణసముదాయం అతిగా పనిచేసి, మిగిలిన డోపమిన్ కణాలను మరింత ఉద్రేకపరచి చంపుతుంది. అవి చచ్చేకొద్దీ పొరుగు ఇంకా అదుపు తప్పుతుంది. ఈ వలయాన్ని మొదట్లోనే ఆపగలిగితే కణాలను కాపాడవచ్చునని నమూనా సూచన. ఇది కంప్యూటర్ చెప్పిన మాట, రోగుల మీద రుజువైన చికిత్స కాదు. శాస్త్రజ్ఞులు ఆ తేడాను తమ వ్యాసంలో దాచలేదు. ఈ నిజాయితీ నాకు ముహద్దిసీన్‌ను గుర్తుకు తెచ్చింది. ఒక రివాయత్ ఎంత బలమైనదో, ఎక్కడ బలహీనమో చెప్పిన తరువాతనే వారు దానిని ముందుకు తెచ్చేవారు.

ఉస్తాద్ సాబ్‌ను నరాల వైద్యుని వద్దకు తీసుకుపోయాము. ఆయన ముందుగా చేసిన పరీక్ష యంత్రాలతో కాదు; నడిపించారు, వేళ్ళు టకటకా కొట్టించారు, ఒక కాగితం ఇచ్చి రాయించారు. రాసిన వరుస చూసి తల పంకించారు. ఎల్‌డోపా మాత్రలు ఇచ్చారు. మూడు వారాలలో ముఖం మీద కదలిక వచ్చింది. బేగం సాహెబా మా ఇంటికి కబురు పంపిన మాట ఇది: “ఈ రోజు ఆయన నవ్వారు.” మాత్ర వ్యాధిని నయం చేయదు, లోటును పూడుస్తుంది అంతే. కొన్నేళ్ళకు దాని ప్రభావం పూట పూటకూ హెచ్చుతగ్గులవుతుంది. అప్పుడు కొందరికి మెదడులో సన్నని తీగ అమర్చి విద్యుత్తు పంపే శస్త్రచికిత్స చేస్తారు. మన నగరంలో నిమ్స్‌లోనూ అది జరుగుతున్నది.

మన ఇళ్ళలో ఈ మాత్ర పనిచేయకపోవడానికి ఒక విచిత్రమైన కారణం ఉంది: మన వంట. ఎల్‌డోపా ప్రేగు నుండి రక్తంలోకి, రక్తం నుండి మెదడులోకి పోయే దారి, మాంసంలోని ప్రోటీన్ జీర్ణమై వచ్చే అంశాలు పోయే దారి ఒక్కటే. నిహారీ, పాయా తిన్న వెంటనే మాత్ర వేసుకుంటే గేటు దగ్గర జనం ఎక్కువై మాత్ర బయటే నిలబడిపోతుంది. భోజనానికి కనీసం అరగంట ముందు వేసుకోమని వైద్యులు చెప్పారు. ఉదయం పూట మాంసం తగ్గించి రాత్రికి జరుపుకోమన్నారు. “మందు పనిచేయడం లేదు, మౌలానా, దీనిలో దువా లేదు” అని ఆపేసిన మరొక ఇంటిని నాకు తెలుసు. అక్కడ రోజూ ఖీమాతో నాష్తా చేసి దానిమీద మాత్ర వేసేవారు.

రమజాన్ సంగతి ఉస్తాద్ సాబ్ నన్ను విడిగా అడిగారు. పగలు మాత్ర మానితే ఆయన మంచం మీద ఒత్తిగిలలేరు. హఠాత్తుగా ఆపడం ప్రమాదమని కూడా వైద్యుడు చెప్పారు. నయమయ్యే ఆశ లేని రోగి ఉపవాసానికి బదులు ఫిద్యా ఇవ్వవచ్చునని, రోజుకు ఒక బీదవానికి అన్నం పెట్టడం దాని రూపమని నేను చెప్పాను. ఆయన కళ్ళు చెమర్చాయి. “నా ఏడవ ఏట నుండి వదలలేదు” అన్నారు. ఇచ్చిన అనుమతిని స్వీకరించడం కూడా విధేయతే అన్నాను. నమాజులో వణుకు గురించి కూడా సందేహం ఉండేది. అది ఆయన కావాలని చేసే కదలిక కాదు గనుక నమాజుకు భంగం లేదు. నిలబడలేని రోజు కూర్చుని చదవడానికి షరీఅత్ దారి ఉండనే ఉంది.

మస్జిద్‌లో ఒక వింత చూశాము. ఇరుకు తలుపు దాటించి లోపలకు తెస్తే ఆయన అడుగులు బాగుపడేవి. కారణం నేలమీది సఫ్ గీతలు! నడిచే దారికి అడ్డంగా గీతలు ఉంటే, ఒక్కొక్క గీతను దాటుతున్నట్టు అడుగు వేయడం ఈ రోగులలో చాలామందికి సులభమవుతుందని వైద్యులకు ఎప్పటి నుండో తెలుసు. అందరికీ ఒకేలా పనిచేయదు, కానీ ఉస్తాద్ సాబ్‌కు పనిచేసింది. ముతవల్లీ సాబ్‌తో మాట్లాడి, వజూఖానా నుండి ఆ తలుపు వరకు, గడప దాటి మరో రెండు గజాల వరకు పచ్చరంగు అడ్డగీతలు వేయించాము. ఖర్చు ఒక రంగు డబ్బా. మా పిల్లలు వాటి మీద గంతులు వేస్తారు. ఉస్తాద్ సాబ్ వాటిని లెక్కపెడుతూ లోపలకు వస్తారు.

వరుని ఇంటికి నేను, మా విద్యార్థి కలసి వెళ్ళాము. వారు మర్యాదస్తులు. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, వరుని తండ్రి సూటిగా అడిగారు: “అసర్ సంగతి అలా ఉంచండి, మౌలానా. ఇది రక్తంలో వస్తుందా? మా మనవళ్ళకు వస్తుందా?” న్యాయమైన ప్రశ్న. మా విద్యార్థి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎక్కువమంది రోగులలో ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాదు. కొన్ని కుటుంబాలలో మాత్రం జన్యువులతో సంబంధం ఉంది. అటువంటి మొదటి జన్యులోపాన్ని 1997లో కనుగొన్నారు. ఉస్తాద్ సాబ్ తండ్రికి గాని, మేనత్తలు, బాబాయిలకు గాని ఈ వ్యాధి లేదు. రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ హామీ ఏ ఇంటి సంబంధానికీ లేదు. లోపలి గది నుండి వరుని తల్లి అడిగారు: “తలుపు దగ్గర ఆగిపోవడం?” నేను 2014 నాటి ఆ వ్యాసం సంగతి చెప్పాను. మద్రాసులో కూర్చున్న ఒక తెలుగు ఆచార్యుడు, మన యాకుత్‌పురా తలుపును చూడకుండానే, ఆ తలుపు ముందు ఏమి జరుగుతుందో లెక్క కట్టాడని చెప్పాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “మా పెద్దమామగారు చివరి రోజులలో ఇలాగే గడప దగ్గర నిలబడిపోయేవారు. మేము ఆయనను కోప్పడేవాళ్ళము” అన్నారు.

తేదీ ఇంకా నిర్ణయం కాలేదు. షవ్వాల్‌లో కూర్చుని మాట్లాడుకుందామని కబురు పంపారు. ఉస్తాద్ సాబ్ ఇప్పుడు నల్లబల్ల మీద పైనా కిందా సుద్దతో రెండు గీతలు గీసుకుని, వాటి మధ్య అక్షరాలు రాస్తున్నారు. గీతలు ఉన్నంతవరకు అలిఫ్ నిండుగా నిలుస్తున్నది. ఈ సంవత్సరం కొత్త పిల్లలకు యాకూత్ కథ కూడా చెప్పారు.